‘విటమిను వంటిది’ విటమిను కాదు

నేడు పట్టణములలోనే కాక పెద్ద గ్రామములలోని మందుల దుకాణములలో సైతము సహ ఎంజైము క్యూ10 అను ఒక పదార్థము అమ్ముడగుచున్నది. వాడుకలో దీనిని ‘కో ఎంజైమ్ క్యూ టెన్’ అందురు. కొన్ని మాత్రలుగా నుండును. కొన్ని నూనె నింపిన మెత్తని గుళికలుగా నుండును. ఇది గుండెకు బలమిచ్చుననియు, అలసటను పోగొట్టుననియు, ముదిమిని వెనుకకు నెట్టుననియు ప్రకటనలు చెప్పుచుండును. వీనిలో తరచుగా కనబడు మాట ‘విటమిను వంటి పోషకము’ అనునది. సామాన్య కుటుంబీకుడు ఆ మాట చదివి, లేక ఎవరో చదివి చెప్పగా విని, పాలకును పప్పునకును దాచుకొన్న సొమ్ములో కొంత ఈ డబ్బాకు చెల్లించుచున్నాడు.

ఈ పదార్థము కల్పితము కాదు. ఇది లేనిచో మనము ఊపిరి పీల్చియు ఫలము లేదు. గుండె కొట్టుకొనుటకు, కాలు కదలుటకు, మెదడు ఆలోచించుటకు వలయు శక్తిలో అధికభాగము దీని చేతిమీదుగా నడువవలసినదే. కాని ‘దేహమునకు అత్యవసరము’ అనుట వేరు. ‘మనము కొని తినవలసినది’ అనుట వేరు. నెత్తురు కూడ దేహమునకు అత్యవసరమే. దానిని ఎవరును దుకాణములో కొని త్రాగరు. ఈ రెండు మాటల నడుమనున్న దూరమును ‘విటమిను వంటిది’ అను పలుకుబడి కప్పివైచుచున్నది. శాస్త్ర విషయములను ఇంగ్లీషునుండి తెనుగు చేయువారికి ఇట్టి పలుకులతో నిత్యము పేచీయే. ‘వంటి’ అను మాట వాక్యములో చిన్నది. చదువరి చూపు ‘విటమిను’ పైన నిలుచును, ‘వంటి’ జారిపోవును. ఆ జారిపోయిన మాటలో ఎంత అర్థమున్నదో చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

విటమిను అనిపించుకొనుటకు అర్హత ఏమి?

విటమిను అను పేరును 1912లో పోలండు దేశమున పుట్టిన కాసిమిర్ ఫంక్ అను శాస్త్రజ్ఞుడు వ్యాప్తిలోనికి తెచ్చెను. అంతకు ముందే, 1890 తరువాతి సంవత్సరములలో, ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు జావా ద్వీపమున కోళ్లను పరీక్షించుచుండెను. పాలిషు పట్టిన తెల్ల బియ్యము మాత్రమే మేసిన కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, పైపొర తీయని బియ్యము పెట్టగా అవి తేరుకొనుటయు ఆయన గమనించెను. మనుష్యులకు వచ్చు బెరిబెరి రోగము ఇట్టిదే. ఇది మనకు దూరదేశపు కథ కాదు. 20వ శతాబ్దపు పూర్వార్ధమున కోస్తా ఆంధ్ర జిల్లాలలో, మరపట్టిన తెల్ల బియ్యమే ప్రధానాహారముగా గల కుటుంబములలో, బెరిబెరి కనబడుచుండెను. ఉప్పుడు బియ్యము తినువారికి ఆ బాధ తక్కువ. ఏలయనగా, వడ్లను నానబెట్టి ఉడికించునపుడు తౌడు పొరలోని బి1 విటమిను కొంత గింజ లోపలికి దిగును. తరువాత మరపట్టినను అది పూర్తిగా పోదు.

ఈ వృత్తాంతములో విటమిను లక్షణములు మూడును ఉన్నవి. మొదటిది, అది స్వల్ప పరిమాణమున దేహమునకు తప్పనిసరిగా కావలెను. రెండవది, దేహము దానిని తానై తయారు చేసికొనజాలదు, లేదా చాలినంత చేసికొనజాలదు. ఆహారము ద్వారా రావలసినదే. మూడవది, ఆహారములో అది కొరవడినచో ఒక నిర్దిష్టమైన వ్యాధి కలుగును. సకాలమున దానిని మరల ఇచ్చినచో ఆ వ్యాధి నయమగును.

బి1 విటమిను దేహములో ప్రవేశించిన పిదప సహ ఎంజైముగా మారి పనిచేయును. ఎంజైము అనగా దేహములోని రసాయన క్రియలను వేగముగా నడపు మాంసకృత్తు. సహ ఎంజైము అనగా దాని చేతిలోని పనిముట్టు. వడ్రంగి యెంత నేర్పరియైనను ఉలి లేనిదే పని సాగదు. క్యూ10 కూడ అట్టి ఉలియే. ఆ మట్టుకు బి1 విటమినుతో దానికి పోలిక కలదు. ‘వంటిది’ అను మాట అంతవరకు చెల్లును. కాని రెండవ లక్షణము దీనికి లేదు. దేహములోని కణములు దీనిని తామే తయారు చేసికొనుచున్నవి. మూడవ లక్షణమును లేదు. ఆహారములో క్యూ10 తక్కువగుటచేత కలుగు వ్యాధి ఏదియు వైద్యశాస్త్రమున వర్ణింపబడలేదు. మూడు లక్షణములలో రెండు లేని వస్తువునకు ఆ పేరును ఎరువు తెచ్చి తగిలించుట వ్యాపారమునకు లాభమేమో గాని, ప్రజల జ్ఞానమునకు లాభము కాదు.

రేవుపడవ చేయు పని

1957లో అమెరికా దేశమునందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పశువుల గుండె కండరమునుండి పసుపు వన్నె గల ఒక పదార్థమును వేరుచేసిరి. ఇంచుమించు అదే కాలమున ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున మోర్టన్ అను ఆచార్యుని వర్గమువారు దానినే కనుగొని యుబిక్వినోన్ అని పేరిడిరి. ‘అంతటను కనబడు క్వినోను’ అని దాని భావము. 1958లో మెర్క్ సంస్థ పరిశోధనాలయమునందు కార్ల్ ఫోకర్స్ వర్గమువారు దాని నిర్మాణమును నిర్ణయించిరి.

ఈ అణువునకు ఒక తలయు, ఒక పొడవైన తోకయు కలవు. తల భాగము ఎలక్ట్రానులను పట్టుకొనుటకును విడుచుటకును తగినది. తోక అయిదేసి కర్బన పరమాణువులు గల పది ముక్కలతో కూర్చిన గొలుసు. పేరులోని 10 ఆ ముక్కల సంఖ్యయే. ఎలుకలలో ఈ తోకకు ముఖ్యముగా తొమ్మిది ముక్కలే యుండును. ఈ తోక నూనెలో కలియును గాని నీటిలో కలియదు. ఈ ఒక్క గుణమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీని పనియు, దీని జీర్ణమునందలి చిక్కును రెండును దీనినుండియే పుట్టినవి.

మన దేహములోని ప్రతి కణమునందును, ఎర్ర రక్తకణముల వంటి కొన్నింటిని మినహాయించి, మైటోకాండ్రియా అను సూక్ష్మమైన పొయ్యిలు కలవు. మనము తిన్న అన్నము, పప్పు, నూనె చివరకు అచ్చట ప్రాణవాయువుతో కలిసి దగ్ధమగును. ఈ దహనము కట్టె కాలినట్లు ఒక్కసారిగా మండదు. ఆహారమునుండి వెలువడిన ఎలక్ట్రానులు మెట్టు మెట్టుగా చేతులు మారి తుదకు ప్రాణవాయువును చేరును. మైటోకాండ్రియా లోపలి పొర క్రొవ్వు పదార్థముతో ఏర్పడినది. అందులో ఎలక్ట్రానులను దింపు రేవులు ముఖ్యముగా రెండు కలవు. అందుకొను రేవు మూడవది. ఈ రేవుల నడుమ తిరుగు పడవయే క్యూ10. తోక నూనెలో కలియు గుణము గలది కాబట్టి, ఆ క్రొవ్వుపొరలో అది చులకనగా నీదగలదు. ఒక్కొక్క విడతకు రెండు ఎలక్ట్రానులను, వానితో రెండు ప్రోటానులను ఎక్కించుకొని ఆవలి రేవున దించి, వట్టి పడవయై మరల వచ్చును. బరువుతో నున్నపుడు దానిని యుబిక్వినోల్ అనియు, వట్టిదై యున్నపుడు యుబిక్వినోన్ అనియు అందురు. పడవ ఒకటే, స్థితులు రెండు.

ఈ రాకపోకలవలన ప్రోటానులు పొరకు ఒక ప్రక్కన చేరి, కట్టకు ఆవల నిలిచిన చెరువునీటివలె ఒత్తిడి చేయును. ఆ నీరు ఒక తూమువంటి మార్గమున మరల క్రిందికి దిగునపుడు అచ్చటి ఎంజైము చక్రమువలె తిరిగి ఏ.టీ.పీ. అను శక్తిద్రవ్యమును తయారుచేయును. ఈ సిద్ధాంతమును ప్రతిపాదించిన ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పీటర్ మిచెల్‌కు 1978లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ ఏ.టీ.పీ.ని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలయందు ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని సాధించిరి. జర్మనీలో లోమన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను. కండరము ఏ నాణెముతో తన ఖర్చులు జరుపుకొనునో చూపినవారిలో ఒక తెలుగువాడు ఉండుట మనకు గర్వకారణము. ఆ నాణెము ముద్రించు టంకశాలలో క్యూ10 ఒక అనివార్యమైన పనివాడు. నూనె గాలి తగిలి చెడునట్లు కణములోని క్రొవ్వుపొరలు చెడకుండ కాపాడుటయు దీని మరియొక పని.

ఇంటిలో వండుకొను సరకు

ఇంత ముఖ్యమైన పనిని దేహము ఆహారముపై వదలిపెట్టలేదు. మాంసకృత్తులలోని టైరోసిన్ అను భాగమునుండి తలను, కొలెస్టరాలు తయారగు మార్గముననే తోకను నిర్మించి, రెండింటిని అతికి, కణము తనకు వలసిన క్యూ10ను తనలోనే సిద్ధము చేసికొనును. గుండె కణము గుండెలో, మూత్రపిండ కణము మూత్రపిండములో, ఎవరి వంట వారిదే. ఈ వంటకు బి6 మొదలగు విటమినులు సాయపడును. కావున ‘విటమిను వంటి’ దానికొరకు ప్రాకులాడువాడు నిజమైన విటమినులు గల ఆహారమును మరచుట వింతయే గదా.

పెద్దవారి దేహమంతటను ఉండు క్యూ10 ఒకటి రెండు గ్రాములకు మించదని అంచనా. ఆహారమునుండి దినమునకు వచ్చునది 3 మొదలు 6 మిల్లీగ్రాములు మాత్రమే అని పాశ్చాత్య దేశముల లెక్కలు చెప్పుచున్నవి. మాంసము, చేపలు, సోయాచిక్కుడు నూనె, వేరుసెనగ, నువ్వులు మున్నగువానిలో ఇది కొంత యుండును. గుప్పెడు వేరుసెనగ పప్పులో ఒక మిల్లీగ్రాము కంటె కొంచెము తక్కువ. అమ్మకమునకు వచ్చు ఒక మాత్రలో సాధారణముగా 100 మిల్లీగ్రాములు. అంత క్యూ10 వేరుసెనగల ద్వారా పొందవలెనన్న దినమునకు సుమారు మూడున్నర కిలోలు తినవలెను. ఇంత పరిమాణమును ప్రకృతి మన కంచములో ఎన్నడును పెట్టలేదు. పెట్టవలసిన అవసరము లేకపోయెను గనుకనే పెట్టలేదు.

దీనికి ఒక మినహాయింపు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. క్యూ10ను నిర్మించు జన్యువులలో పుట్టుకతోనే లోపము గల శిశువులు బహు అరుదుగా ఉందురు. వారికి మూత్రపిండములు, మెదడు, కండరములు దెబ్బతినును. అట్టివారికి నిపుణుల పర్యవేక్షణలో పెద్ద మోతాదున, వీలైనంత త్వరగా, ఈ పదార్థమును ఇచ్చినచో కొందరికి గొప్ప మేలు కలుగును. వారికిది నిజముగా మందు. వంట చేసికొనలేని ఇంటికి అన్నము పంపుట ధర్మము. పొయ్యి వెలుగుచున్న ఇంటికి పంపుట అట్టిది కాదు.

నోటినుండి నెత్తురువరకు

ఇక, మాత్ర మ్రింగినపుడు ఏమగునో చూతము. క్యూ10 నారింజ వన్నె గల గట్టి స్ఫటికము. నీటిలో కరగదు. అణువు పెద్దది. ప్రేగులోని రసము ప్రధానముగా నీరే గనుక, స్ఫటికము స్ఫటికముగా నున్నంతవరకు ప్రేగు గోడలు దానిని లోనికి తీసికొనజాలవు. అది ముందుగా విడి విడి అణువులుగా విడిపోవలెను.

ఆ పని భోజనములోని క్రొవ్వును బట్టి జరుగును. మనము నేయి గాని నూనె గాని కలిసిన అన్నము తిన్నపుడు, చిన్న ప్రేగులోనికి కాలేయమునుండి పైత్యరసము, క్లోమమునుండి జీర్ణరసము దిగును. జిడ్డు పాత్రను కుంకుడు రసము శుభ్రపరచునట్లు, పైత్యరసము క్రొవ్వును అతి సూక్ష్మమైన బిందువులుగా విడగొట్టును. క్యూ10 ఆ బిందువులలో చొరబడి ప్రేగు గోడను చేరును. కాబట్టి పరగడుపున మ్రింగిన మాత్రలో చాల భాగము వృథా యగును. పైత్యరసము సరిగా దిగనివారికి, అనగా పిత్తనాళము అడ్డుపడిన కామెర్ల రోగులవంటివారికి, ఇది ఇంకను తక్కువగా పట్టును.

ప్రేగు గోడలోని కణములు దానిని క్రొవ్వుతో కలిపి మూటగట్టి, నేరుగా నెత్తురులోనికి కాక శోషరస నాళములలోనికి పంపును. ఆ నాళములు పైకి ప్రాకి, మెడ మొదట ఎడమ ప్రక్కనున్న పెద్ద సిరలో కలియును. అచ్చటినుండి నెత్తురుతో తిరిగి తిరిగి కాలేయమును చేరును. కాలేయము దానిని కొలెస్టరాలును మోయు బిందువులపై ఎక్కించి మరల నెత్తురులోనికి విడుచును. ఈ ప్రయాణము దీర్ఘమైనది గనుకనే, మాత్ర మ్రింగిన సుమారు ఆరు గంటలకు గాని నెత్తురులో దాని మట్టము శిఖరమును అందుకొనదు. సుమారు 24 గంటలకు మరియొక చిన్న శిఖరము కనబడును. కాలేయమునుండి మరల వెలువడుటయే దానికి కారణమని శాస్త్రజ్ఞుల ఊహ. నెత్తురులో చేరినదానిలో సగము తొలగుటకు దాదాపు 33 గంటలు పట్టునని ఒక లెక్క. ప్రేగు తీసికొనక విడిచిన భాగము మలముతో వెడలిపోవును. మ్రింగినదానిలో పెద్ద భాగము దీనికే చెందును.

మోతాదు రెట్టింపు చేసినచో ఫలితము రెట్టింపు కాదు. ప్రేగు ఒక్కసారిగా కొంతవరకే తీసికొనగలదు. వైద్యుడు పెద్ద మోతాదు వ్రాసినపుడు దానిని భాగములుగా పంచి భోజనముతో ఇచ్చుట ఇందుచేతనే. నూనెలో పూర్తిగా కరగించి చేసిన గుళికలు పొడి మాత్రలకంటె బాగుగా పట్టునని పరీక్షలు చూపినవి. కొన్ని డబ్బాలపై ‘ఇది యుబిక్వినోల్, పరిణతి చెందిన రూపము’ అని వ్రాసి ఎక్కువ వెల అడుగుదురు. నెత్తురులో తిరుగు క్యూ10లో నూటికి సుమారు 95 పాళ్లు యుబిక్వినోల్ రూపముననే యుండుట నిజము. అయితే మనము యుబిక్వినోన్ మ్రింగినను దేహము దానిని లోనికి తీసికొనుచు యుబిక్వినోల్‌గా మార్చుకొనును. బరువెత్తుట నేర్చిన పడవకు బరువెత్తించి అమ్ముటకు అదనపు వెల చెల్లించు ముందు ఈ సంగతి ఎరుగవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము ఒకటి మిగిలినది. నెత్తురులో చేరుట వేరు, గుండె కండరములో చేరుట వేరు. మాత్రలు మ్రింగినవారి నెత్తురులో క్యూ10 మట్టము పెరుగుట పరీక్షలో సులభముగా కనబడును. ప్రకటనలు చూపు రేఖాచిత్రములు ఇట్టివే. కాని ఆరోగ్యవంతుని కండరములు తమకు వలసినంత తామే చేసికొని నిండుగా ఉన్నపుడు, బయటినుండి వచ్చినదానిని అవి అంతగా చేర్చుకొనవు. నిండిన గాదెలో క్రొత్త ధాన్యము పట్టదు. వీథిలో బండ్లు ఎన్ని తిరుగుచున్నవో లెక్కించి గాదెలు నిండినవని చెప్పుట ఎట్టిదో, నెత్తురు మట్టమును చూపి గుండె బలపడినదని చెప్పుట అట్టిది.

గుండె జబ్బు గలవారికి ఒక హెచ్చరిక

ఈ వ్యాసమును వ్రాయుటకు ప్రధాన ప్రేరణము ఈ భాగమే. కొలెస్టరాలును తగ్గించుటకు స్టాటిన్ అను మందులను వైద్యులు విరివిగా ఇచ్చుచున్నారు. జపాను దేశస్థుడగు అకీరా ఎండో 1970 తరువాతి సంవత్సరములలో మొట్టమొదటి స్టాటిన్‌ను ఒక బూజునుండి వెలికి తీసెను. ఈ మందులు కొలెస్టరాలు తయారగు మార్గమున తొలిదశలోనే అడ్డుకట్ట వేయును. క్యూ10 తోక తయారగు మార్గమును అదియే గనుక, స్టాటిన్ వాడువారి నెత్తురులో క్యూ10 కూడ తగ్గును. ఇంతవరకు సత్యము. దీనిని పట్టుకొని కొందరు ‘స్టాటిన్ గుండెను ఎండగట్టును, దానిని మాని క్యూ10 వాడుడు’ అని బోధించుచున్నారు. ఇది ప్రాణాంతకమైన బోధ.

నెత్తురులో క్యూ10ను మోయునవి కొలెస్టరాలు బిందువులే అని పైన చెప్పితిమి. స్టాటిన్ ఆ బిందువులను తగ్గించును. బండ్లు తగ్గినపుడు బండ్లపై నున్న సరకు కూడ తగ్గినట్లు లెక్కకు వచ్చుట సహజము. కండరములలోనికూడ తగ్గునా అని చూచిన పరీక్షలు ఏకాభిప్రాయమునకు రాలేదు. స్టాటిన్ వలన కండరముల నొప్పి వచ్చినవారికి క్యూ10 ఇచ్చి చూచిన పరీక్షలలో కొన్ని మేలు కలిగెననియు, కొన్ని కలుగలేదనియు చెప్పినవి. 2018లో అమెరికా హృద్రోగ వైద్య సంఘములు వెలువరించిన మార్గదర్శకములలో స్టాటిన్ వాడువారికి క్యూ10ను మామూలుగా ఇచ్చుట తగదని చెప్పిరి. స్టాటిన్ వలన గుండెపోటులును పక్షవాతములును తగ్గుట మాత్రము లక్షలాది రోగులపై జరిగిన పరీక్షలవలన స్థిరపడిన విషయము. కాబట్టి నొప్పి వచ్చినవారు వైద్యునితో చెప్పవలెను. ఆయన మోతాదు తగ్గించవచ్చును, మందు మార్చవచ్చును. తామై మానుకొనరాదు.

గుండె బలహీనమై రక్తమును సరిగా తోయలేని స్థితిలో క్యూ10 కొంత ఉపకరించునను ఆశ లేకపోలేదు. జపానులో 1974లోనే ఇట్టి రోగులకు దీనిని మందుగా అనుమతించిరి. 2014లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 420 మంది రోగులు పాల్గొనిరి. దినమునకు 300 మిల్లీగ్రాముల చొప్పున రెండేండ్లు తీసికొన్నవారిలో నూటికి 15 మందికి తీవ్రమైన గుండె ఆపదలు కలుగగా, వట్టి మాత్రలు తీసికొన్నవారిలో నూటికి 26 మందికి కలిగెను. ఇది గమనింపదగిన ఫలితమే. అయితే 420 మంది చిన్న సంఖ్య. అంతకంటె విస్తృతమైన పరీక్షలు దీనిని బలపరుపవలసియున్నది. వారందరును గుండెకు ఇచ్చు మామూలు మందులు వాడుచునే దీనిని తీసికొనిరి గాని, వానికి బదులుగా కాదు. అదే 2014లో పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులు 600 మందిపై జరిగిన పరీక్షలో దినమునకు 2400 మిల్లీగ్రాములవరకు ఇచ్చి చూచినను ప్రయోజనము కనబడకపోగా పరీక్షను మధ్యలోనే నిలిపివేసిరి. సిద్ధాంతము ఎంత సొంపుగా నున్నను రోగి మంచము దగ్గర అది నిలుచునో లేదో పరీక్షయే తేల్చవలెను.

‘తిన్న తప్పేమి?’ అనువారికి

‘మేలు లేకున్న పోయె, కీడు లేదు గదా, తిన్న తప్పేమి?’ అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. క్యూ10 విషము కాదు. సామాన్య మోతాదులలో కడుపులో వికారము, విరేచనములు వంటి స్వల్ప బాధలు తప్ప పెద్ద అపాయము కనబడలేదు. అయినను కీడు మూడు విధములుగా రాగలదు.

మొదటిది, మందుల పొత్తు. క్యూ10 తల భాగము కె విటమినును పోలియుండును. గుండె కవాటములు మార్పించుకొన్నవారు మొదలైనవారు రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ అను మందు వాడుచుందురు. క్యూ10 ఆ మందు బలమును తగ్గించినట్లు కొందరి విషయమున వైద్య పత్రికలలో నమోదైనది. అట్టివారు వైద్యునికి చెప్పక దీనిని తీసికొనుట ప్రమాదకరము.

రెండవది, కాలహరణము. అలసట అనునది ఒక వ్యాధి కాదు. అనేక వ్యాధులకు గుర్తు. మన దేశమున 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నుండిరి. మెట్లెక్కలేక ఆయాసపడు ఇల్లాలికి క్యూ10 డబ్బా తెచ్చి యిచ్చుట ప్రేమయే కావచ్చును. కాని ఆమె నెత్తురులో ప్రాణవాయువును మోయు ఇనుము తక్కువై యున్నపుడు, పొయ్యిలోని పడవలను ఎన్ని పెంచిన నేమి? ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష జరుగును. ఇనుము మాత్రలు ఉచితముగా లభించును. మధుమేహము, థైరాయిడు లోపము, క్షయ, గుండె జబ్బు కూడ అలసటగానే మొదలుకావచ్చును. మాత్రలతో గడపిన ఆరు నెలలు తరువాత తిరిగి రావు.

మూడవది, ధనవ్యయము. ధనవంతునకు ఇది లెక్క కాదు. నెలజీతముపై బ్రతుకువానికి ఇది గ్రుడ్లు, పాలు, ఆకుకూరలు, పప్పులనుండి తీసిన సొమ్ము. ఆ ఆహారముననే క్యూ10ను వండుకొనుటకు దేహమునకు కావలసిన దినుసులు ఉన్నవి.

‘ముసలితనమున క్యూ10 తగ్గునందురే?’ అని మరియొక ప్రశ్న. గుండె మొదలగు కొన్ని అవయవములలో యౌవనము దాటిన పిదప ఇది క్రమముగా తగ్గుట గమనింపబడినది. వెండ్రుకలు నెరయుటయు వయసుతో వచ్చునదే. తగ్గుట వార్ధక్యమునకు కారణమా, లేక దాని ఫలితమా అనునది వేరు ప్రశ్న. మాత్రలతో ఆ మట్టమును పెంచినవారు ఎక్కువకాలము జీవించిరని చూపిన దృఢమైన నిదర్శనము లేదు.

డబ్బాపైని భాష

చివరకు ఒక అభిప్రాయమును మనవి చేయుదును. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద ఏర్పడిన నియమముల ప్రకారము ఆరోగ్య పూరకములుగా అమ్ము సరకులపై ‘వైద్య ప్రయోజనమునకు కాదు’ అను హెచ్చరిక ముద్రింపవలెను. ఇది మంచి నియమము. కాని డబ్బాపై వ్రాయవలసిన వివరములు ఇంగ్లీషున గాని హిందీలో గాని ఉన్న చాలును. ఇతర భాషలలో వ్రాయుట అమ్మువారి ఇష్టము. ఫలితముగా బలమును గూర్చిన ప్రశంస తెలుగు ప్రకటనలో వినబడుచున్నది. హెచ్చరిక మాత్రము చిన్న ఇంగ్లీషు అక్షరములలో డబ్బా వెనుక నుండిపోవుచున్నది. పొగడ్త ఏ భాషలో చేయుదురో హెచ్చరికయు ఆ భాషలోనే చేయుట న్యాయము. ‘విటమిను వంటిది’ అని వ్రాయువారు దాని ప్రక్కనే ‘దీనిని శరీరము తానే తయారు చేసికొనును’ అను నాలుగు మాటలు తెలుగులో చేర్చినచో కొనువాడు తనంతట తానే ఆలోచించుకొనును. నిషేధము అక్కరలేదు; నిజము చాలును.

అంతవరకు పాఠకులు చేయవలసినవి కొన్ని కలవు. క్యూ10 వైద్యుడు వ్రాసియిచ్చినచో, క్రొవ్వు కొంచెము గల భోజనముతో తీసికొనుడు. తామై వాడుచున్నవారు తమ ఇతర మందుల పేర్లతో పాటు ఆ సంగతిని వైద్యునికి తెలుపుడు. గుండె మందులను, కొలెస్టరాలు మందులను ఎవరి మాట వినియు స్వయముగా మానకుడు. అలసట రెండు మూడు వారములకు మించి నిలిచినచో దుకాణమునకు పోవుటకు ముందు ఆరోగ్య కేంద్రమునకు పోవుడు. దంపుడు బియ్యమో ఉప్పుడు బియ్యమో, పప్పు, ఆకుకూరలు, వేరుసెనగ, నువ్వులు, వీలైనవారు చేపలు, గ్రుడ్లు తినుడు. మీ దేహములోని కోటానుకోట్ల కణములు ఈ క్షణమునకూడ ఎవరు నేర్పకయే ఆ పడవలను తయారు చేసికొనుచున్నవి. వానికి కావలసినది దుకాణములోని డబ్బా కాదు. వేళకు పట్టెడన్నము, సరియైన వైద్యము.